వంగి చూడని పట్టీలు

మొదట్లోనే చెప్పేస్తాను, తర్వాత నన్ను మంచివాడనుకుని మీరు మోసపోకండి. బుల్లబ్బాయి తొడలకి బిగించుకునే కాలిపట్టీలు నేను చూడలేదు. చూశానని పుస్తకంలో సంతకం మాత్రం పెట్టాను. వాడు పోయాడు. కేసు మా గురువు సామ్యేలుగారి మెడకు చుట్టుకుంది. ఆర్డీవోగారి ఎంక్వయిరీలో నేను చెప్పే నాలుగు మాటల మీదే ఆయన బతుకు ఆధారపడి ఉండేది. జైలా, ఇల్లా అన్నంత సంగతి.

నా పేరు శివరామకృష్ణ, పిలిచేది రామకృష్ణ అని. అరవై ఎకరాల మాగాణి, రెండు పూటలా కోపం, పని మాత్రం తక్కువ. తొంభై ఏడులో కాకినాడలో క్లబ్బులో చేరానంటే మా ఊళ్ళో అందరూ పేకాట క్లబ్బే అనుకున్నారు. కాదు, విమానంలోంచి దూకే క్లబ్బు. నవ్వకండి. సామ్యేలుగారు ఇరవై నాలుగేళ్ళు మిలటరీలో పారాచూట్లతో దూకి, కుర్రాళ్ళని దూకించి, సుబేదారుగా రిటైరై వచ్చిన మనిషి. ఊరికే కూర్చోలేక, ఢిల్లీ దాకా తిరిగి పర్మిషన్లు తెచ్చి, మిలటరీ వాళ్ళు పక్కన పెట్టిన పారాచూట్లు కొన్ని సంపాదించి, ఈ సరదా మొదలెట్టాడు. తుని ఇవతల, హైవేకీ సముద్రానికీ మధ్య, యుద్ధం రోజుల్లో వేసి వదిలేసిన రన్‌వే ముక్క ఒకటుంది. చలికాలం నాలుగు నెలలూ నెలకి రెండు రోజులు అక్కడికి చిన్న విమానం ఒకటి అద్దెకి వచ్చేది. ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరు సురేష్‌బాబు, నేను, మరో ఇద్దరు ముగ్గురు. అంతే మా క్లబ్బు.

మొదటిసారి దూకి, కాళ్ళు నేలకి తగిలాక, నేను ఏడ్చాను. భయంతో కాదు. పైన ఉన్న ఆ మూడు నిమిషాలూ నా మీద నాకే కోపం లేదు. అలాంటి మూడు నిమిషాలు నా జన్మలో లేవు. ఆ తర్వాత చలికాలం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే పని అయింది.

బుల్లబ్బాయిది ఉప్పాడ. సముద్రం మీద బతికే కుటుంబం. తండ్రి లేడు, తల్లి రత్తమ్మ బుట్టలో చేపలు పెట్టుకుని పిఠాపురం దాకా అమ్మేది. ఒకసారి సురేష్‌బాబు గాలికి కొట్టుకుపోయి సరుగుడు తోటలో పడ్డాడు. ఆయనకేం కాలేదు గానీ పారాచూట్ తాళ్ళన్నీ చిక్కుపడి నాలుగు చోట్ల తెగాయి. సామ్యేలుగారు వల అల్లే చేతుల కోసం ఉప్పాడ వెళ్ళి వీణ్ణి పట్టుకొచ్చాడు. పాతికేళ్ళ వాడు, నల్లగా, పొట్టిగా, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతాడు. షెడ్డులో పరిచిన ఆ గుడ్డనంతా చుట్టూ తిరిగి చూసి, "ఇది ఏ చేపకండి?" అన్నాడు. సామ్యేలుగారు నవ్వడం నేను చూసింది అదే మొదలు.

వాడి చేతికి సామ్యేలుగారు మిలటరీ కుట్టు నేర్పాడు. నెల తిరిగేసరికి గురువు కుట్టిందేదో, శిష్యుడు కుట్టిందేదో తెలిసేది కాదు. ఆ తర్వాత ఒకరోజు తల గోక్కుంటూ, "ఒక్కసారి నేనూ దూకొచ్చాండి?" అని అడిగాడు. ఎందుకురా అంటే, "సముద్రం మీద పుట్టేమండి, సముద్రం ఎలా ఉంటదో పైనించి సూడలేదండి," అన్నాడు. సామ్యేలుగారు వాడికి పదిహేను రోజులు నేల మీద గెంతడం నేర్పి, దూకించాడు. దిగొచ్చాక వాడు గంటసేపు అలా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ రోజుల్లో దూకడం అయ్యాక అందరం కలిసి పారాచూట్లు మడతపెట్టేవాళ్ళం. ఆ కొస నువ్వు పట్టుకో, ఈ కొస నేను పట్టుకుంటాను, మధ్యలో సామ్యేలుగారి తిట్లు. తర్వాత చాప మీద కూర్చుని రత్తమ్మ పంపిన చేపల పులుసు ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తినేవాళ్ళం. నేను ఆ గిన్నెలోంచి తిన్నానని మా ఊరెళ్ళి గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నాకు అలాంటి పట్టింపులేం లేవు, తెలుసా! నేను ఎంత మంచివాణ్ణో అని నన్ను చూసి నేనే మురిసిపోయేవాణ్ణి. ఛీ.

సామ్యేలుగారిది ఒకటే రూలు. ఎవరి పట్టీలు వాళ్ళు చూసుకుంటే చాలదు, జతవాడు చూడాలి. కళ్ళతో కాదు, చేత్తో. తల మీద టోపీ దగ్గర మొదలుపెట్టి, గుండె మీది పట్టీ, మొదటిది విచ్చుకోకపోతే వాడే పొట్ట మీది రెండో పారాచూట్, వీపు మీది అసలు పారాచూట్ మూట, చివరికి తొడల చుట్టూ వచ్చే రెండు కాలిపట్టీలు. ఈ చివరివాటికి ఎదుటివాడి ముందు మోకాలు నేలకి ఆనించి కూర్చోవాలి, బకిల్ పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. చూశాక పుస్తకంలో సంతకం. "మనల్ని గాల్లో మోసేవి ఆ రెండేనండి," అనేవాడాయన. "మిగతావన్నీ బాగున్నా అవి లేకపోతే, చొక్కాలోంచి జారినట్టు జారిపోతాం."

నాకు జతగా బుల్లబ్బాయిని వేశాడు. మొదటి రోజు వాడి టోపీ చూశాను, గుండె పట్టీ చూశాను, వెనక్కి తిప్పి మూట చూశాను. కాలిపట్టీల దగ్గరికొచ్చేసరికి మోకాలు వంచబోయాను. నిజం చెప్పాలంటే నడుం కాస్త ముందుకు వాలింది, అంతే. వాడు నిప్పు తొక్కినట్టు రెండడుగులు వెనక్కి గెంతాడు.

"వద్దండి బాబుగారూ! తమరు నా కాళ్ళకాడ కూర్చోడమేంటండి! మహాపాపమండి. నేను సూసుకున్నానండి, గట్టిగానే ఉన్నాయండి!"

"సరేలే," అన్నాను.

సంతకం పెట్టాను. అప్పుడు నాకు హాయిగా అనిపించింది. అవును, హాయిగా. ఆ సంగతి నాకు నేను ఒప్పుకోవడానికి ఒక మనిషి చావాల్సి వచ్చింది. మా తాత ముందు వీళ్ళ తాతలు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడేవారు. వాడితో ఒకే గిన్నెలో తినడానికి నాకు అడ్డు రానిది, వాడి ముందు మోకాలు వంచడానికి అడ్డొచ్చింది. వాడే వద్దన్నాడు కదా, నా తప్పేముంది!

తర్వాత నా వంతు. వాడు చటుక్కున మోకాళ్ళ మీద కూర్చుని, వలతాళ్ళు లాగే చేతులతో నా రెండు పట్టీలూ లాగి చూశాడు. "గట్టిగున్నాయండి, ఆయ్!" అన్నాడు పైకి చూసి. నేను నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాను.

రెండోసారి నేను వంగబోలేదు, వాడు గెంతనూ లేదు. అలా అలవాటైపోయింది. ఒకసారి సామ్యేలుగారు నా సంతకం మరీ తొందరగా పడటం గమనించాడు. "రామకృష్ణగారూ, వంగి చూశారా?" అన్నాడు. "చూశానంటున్నానుగా!" అని గొంతు పెంచాను. షెడ్డు మీద రేకులు నేను వేయించినవి. ఆయన నా మొహం వంక చూసి అవతలికి వెళ్ళాడు.

తొంభై తొమ్మిది ఫిబ్రవరి మొదటి ఆదివారం వాడూ నేనూ కలిసి ఇరవై రెండోసారి దూకాలి. అప్పటికే పది గంటలైంది, సముద్రం వైపు నుంచి గాలి లేస్తోంది. ఇంకో అరగంట దాటితే ఇవాళ్టికి లేదని పైలట్ గొడవ చేస్తున్నాడు. మేమిద్దరం పట్టీలన్నీ బిగించుకుని నిలబడ్డాం. ఇంతలో బుల్లబ్బాయి నా వీపు వంక చూసి, "బాబుగారూ, మూట మీద కుట్టొకటి లేచిపోయిందండి. ఇప్పండి, ఒక్క నిమిషం," అన్నాడు.

నేను విప్పి ఇచ్చాను. వాడు సూదీ దారం తీసి, అలవాటు ప్రకారం గొంతుక్కూర్చోబోయాడు. బిగించిన పట్టీలతో గొంతుక్కూర్చుంటే తొడలు కోసుకుపోతాయి. అందుకని తన కాలిపట్టీలు రెండూ ఊడదీసుకుని, కూర్చుని, నా మూట కుట్టాడు. ఊడదీయడం నేను చూశాను. నా కళ్ళతో చూశాను.

కుట్టు పూర్తయ్యేసరికి విమానం పంకా తిరుగుతోంది, సామ్యేలుగారు రెక్క కింద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. వాడు గబగబా మూట నా వీపుకెక్కించి, మోకాళ్ళ మీద కూర్చుని నా కాలిపట్టీలు బిగించి, లాగి చూసి, "ఆయ్, పదండి!" అన్నాడు. నేను పుస్తకంలో సంతకం గీకాను. తనవి మళ్ళీ బిగించుకున్నాడనే అనుకున్నాను. అడగలేదు. ఇద్దరం పరిగెత్తాం.

విమానంలో ఒకరి మోకాళ్ళు ఒకరికి గుచ్చుకునేలా కూర్చోవాలి. పొట్ట మీది రెండో పారాచూట్ తొడల్ని కప్పేస్తుంది, ఎవరి పట్టీలూ ఎవరికీ కనపడవు. తలుపు దగ్గర సామ్యేలుగారు దూకగానే పారాచూట్‌ని లాగి తెరిచే మా తాళ్ళ కొక్కేలు విమానానికి తగిలించి, మా వీపులు తడిమి, ఇంజను హోరులో నా చెవి దగ్గర అరిచాడు. "వాడివి చూశారా?"

నేను బొటనవేలు పైకెత్తి చూపించాను.

బుల్లబ్బాయి ముందు దూకాడు, వాడి వెనకే నేను. నా పారాచూట్ విచ్చుకుంది, హోరంతా పోయింది. పైన గాలి తప్ప చప్పుడుండదు, మనిషి మాట చాలా దూరం వినిపిస్తుంది. ఎడమవైపు, నాకంటే కాస్త కిందుగా వాడి పారాచూట్ కనిపించింది. వాడు కూర్చున్నట్టు లేడు. పట్టీల గూడంతా తలమీదికి పోయింది. వాడు రెండు చేతులతో దాన్ని పట్టుకుని, కాళ్ళు కిందికి వదిలేసి వేలాడుతున్నాడు.

"బాబుగారూ!" అని పిలిచాడు. "కాలిపట్టీలు పెట్టుకోలేదండీ!"

ఆ స్థితిలో కూడా "అండీ" అన్నాడు.

"వదలకురా! బుల్లబ్బాయ్, వదలకు!" అని గొంతు చించుకున్నాను.

"ఆయ్!" అన్నాడు.

మూడు వేల అడుగులు దిగడానికి మూడు నిమిషాలు పడుతుంది. నేను నా తాళ్ళు లాగి వాడి వైపు రావాలని చూశాను. ఆ పాత పారాచూట్లు ఎటు తిప్పితే అటు తిరిగేవి కావు. వచ్చినా ఏం చేస్తాను, నా తలకాయ! అరవడం తప్ప నాకేం చేతకాలేదు. పట్టుకోరా అంటే ఆయ్ అన్నాడు. కిందికి చూడకు అంటే ఆయ్ అన్నాడు. ఇంకొంచెమే, ఇంకొంచెమే అంటే ఆయ్ అన్నాడు. గొంతు సన్నబడుతూ వచ్చింది. సరుగుడు తోట, రన్‌వే, షెడ్డు మీద నేను వేయించిన రేకులు, అన్నీ కనిపిస్తున్నాయి. నాలుగైదు తాడిచెట్ల ఎత్తు మిగిలి ఉండగా నేను మళ్ళీ అరిచాను. ఈసారి జవాబు రాలేదు. వాడి పారాచూట్ తేలికై, పక్కకి ఎగిరిపోయింది.

నేను దిగి, పట్టీలు ఊడదీసుకుని, పరిగెత్తి వెళ్ళేసరికి సురేష్‌బాబు వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాడి అరచేతులు రెండూ తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. నేను చూడగలిగింది అంతే.

ఆ తర్వాత అంతా మా అన్నయ్య మురళీకృష్ణ చేతిలోకి వెళ్ళిపోయింది. ఆయన కాకినాడ కోర్టులో పేరున్న ప్లీడరు. "నువ్వు నోరు మూసుకో," అన్నాడు మొదట. తర్వాత నన్ను కూర్చోబెట్టి మాటలు పేర్చి ఇచ్చాడు. "నువ్వు వంగబోయావు. వాడు వద్దన్నాడు. తనే చూసుకున్నానన్నాడు. ఇదంతా జరిగిందేగా? జరిగిందే చెప్పు. ఏ రోజన్నది నిన్నెవరూ అడగరు. నీ సంతకం ఉన్నా, ఆఖరున చూడాల్సిన బాధ్యత నేర్పేవాడిది. మిగతాది వాళ్ళు చూసుకుంటారు."

ఎవరింటికెళ్ళినా నన్ను ఓదార్చేవాళ్ళే. పాపం మీరెంత షాకయ్యారో అనేవాళ్ళే. మీరెంత మంచివారండి, ఆ చేపలోడి ముందు మోకాలు వంచబోయారటగా అని ఒకాయన చేతులు పట్టుకున్నాడు. చెంప మీద కొట్టాలనిపించింది. ఆయన్ని కాదు, నన్ను.

సామ్యేలుగారిని రెండు రోజులు స్టేషన్లో ఉంచి బెయిలు మీద వదిలారు. నేను ఆయన ఇంటికెళ్ళాను. గుమ్మంలో నిలబెట్టే మాట్లాడాడు. నేను బొటనవేలు చూపించిన సంగతి ఆయన పోలీసులకి చెప్పలేదట. ఎందుకు చెప్పలేదండీ అన్నాను.

"మీ బొటనవేలు చూసి నమ్మాను. మీరు వంగరని నాకు లోపల తెలుసు, అయినా నమ్మాను. అది నా తప్పే," అన్నాడు. "మీ తప్పు సంగతి నన్నడక్కండి రామకృష్ణగారూ. మీరేం చెప్పుకుంటారో చెప్పుకోండి." తలుపు వేసుకున్నాడు.

ఏప్రిల్లో ఎంక్వయిరీ. కాకినాడలో ఆర్డీవో ఆఫీసు, పైన ఫ్యాను గోలగోలగా తిరుగుతోంది. ఆర్డీవోగారు నన్ను చూడగానే "రండి, కూర్చోండి" అని కుర్చీ చూపించాడు. నా పక్కన అన్నయ్య కూర్చున్నాడు. సామ్యేలుగారు గోడవారగా నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా, చేతులు వెనక్కి కట్టుకుని. ఇంకో గోడవారగా రత్తమ్మ. ఆవిడకీ ఎవరూ కుర్చీ వేయలేదు.

అడిగారు. అన్నయ్య పేర్చిన మాటలే నా నోట్లోంచి వచ్చాయి. "వంగి చూడబోయానండి. కాళ్ళ దగ్గర కూర్చోవద్దని వెనక్కి జరిగాడండి. తనే చూసుకున్నానన్నాడండి." గుమాస్తా రాసుకుంటున్నాడు. ఒక్క అబద్ధం లేదు. సామ్యేలుగారు నా వంక చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆర్డీవోగారు రత్తమ్మ వైపు తిరిగి, "నీకేమైనా తెలుసామ్మా?" అన్నాడు.

"తెలుసండి," అంది. "ఆయన సెప్పింది నిజమేనండి. మావోడు ఇంటికొచ్చి సెప్పేడండి. అమ్మా, బాబుగారు నా కాళ్ళకాడ వంగబోయేరే, నాకు సిగ్గేసి ఎనక్కి గెంతేసేను అని నవ్వేడండి. పెద్దమనిషే, మంచోరే అన్నాడండి."

అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. పని అయిపోయిందన్నట్టు కాయితాలు సర్దుకోవడం మొదలెట్టాడు.

రత్తమ్మ ఇంకా నా వంకే చూస్తోంది. "అది మొదట్లోనండి, కిందటేడు. నాకు బాగా గుర్తుందండి. మరి ఆ ఆదోరం కూడా వంగుతానన్నారా బాబూ?"

అన్నయ్య బూటు కాలితో నా పాదం తొక్కాడు. అన్నానని చెప్తే ఎవరు కాదంటారు? ఆ రోజు షెడ్డు ముందు మేమిద్దరమే. వినే మనిషి లేడు. ఆవిడా నమ్మేసేది, ఆవిడ మొహం చూస్తే నమ్మడానికే అడిగినట్టుంది. ఆ ఒక్క మాట చెప్తే ఆవిడకీ ఊరటే, నాకూ ఊరటే. గోడవారన ఉన్న సామ్యేలుగారు ఒక్కడే జైలుకి పోయేవాడు.

"అనలేదు," అన్నాను.

"పోనీ మద్దెలో ఎప్పుడైనా?"

"లేదమ్మా. ఇరవై రెండుసార్లు దూకాం. ఆ మొదటిరోజు తప్ప ఎప్పుడూ వంగలేదు. వంగుతానని అనలేదు. ఆ రోజు వాడు పట్టీలు ఊడదీయడం కూడా చూశాను. చూడకుండానే చూశానని సంతకాలు పెట్టాను. సామ్యేలుగారు అడిగితే చూశానని చెప్పాను."

గుమాస్తా కలం ఆపి ఆర్డీవోగారి వంక చూశాడు. ఆర్డీవోగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది రాసుకోమంటారా? రాస్తే మీ మీదికొస్తుందండి," అన్నాడు. ఇంత జరిగినా నాతో మర్యాదగానే మాట్లాడుతున్నాడు. ఒళ్ళు మండింది.

"రాసుకోండి! తెలుగులోనే చెప్పానుగా!" అని అరిచాను.

అన్నయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు. సామ్యేలుగారు గోడకి ఆనుకుని, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. గుమాస్తా రాశాడు, చదివి వినిపించాడు, నేను సరేనన్నాను. సామ్యేలుగారి మీద కేసు నిలవదని, నన్ను ఊరు విడిచి వెళ్ళొద్దని ఆర్డీవోగారు చెప్పాడు.

నేను లేచేసరికి రత్తమ్మ గుమ్మం దగ్గర ఆగి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టాలి, మొహం మీద ఉమ్మాలి, నాకు కావాల్సింది అదే. దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

"మావోడు మొగమాటస్తుడండి," అంది మెల్లగా. "ముందు వద్దంటాడు. అన్నం పెట్టినా అంతేనండి, ఆకలేస్తున్నా వద్దంటాడు. ఇంకోసారి అడిగితే మాటాడకుండా తినేసేవోడు. రెండోసారి అడిగుంటే సూడనిచ్చేవోడండి బాబూ."

అలా చెప్పి, చేపల బుట్ట టీకొట్టు దగ్గర వదిలొచ్చానని, మూడు గంటల ఉప్పాడ బస్సు దాటిపోతుందని, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.